ఛాయాస్తంభము

గడచిన శీతకాలమున మా నాయనతో గూడ నాగార్జునసాగరమునకు బోయి యొక వసతిగృహమున రెండు రాత్రులుంటిని. ఆ గృహయజమానులకు చరిత్రయందు మిక్కిలి మక్కువ గాబోలు. గోడలనిండ ఇక్ష్వాకులకాలపు శిల్పముల చిత్తరువులు. గదులకు వీరుల పేరులు. ద్వారముకడ “దేశరక్షకులకు వందనము” అను పలక. మాజీ సైనికులకు అద్దెలో తగ్గింపు గలదని దాని క్రింద వ్రాసియుండెను.

మా నాయన పదునేడేండ్లు సైన్యమున బనిచేసెను. 1971 డిసెంబరు యుద్ధమున తూర్పుసరిహద్దున నుండెను. తిరిగివచ్చిన పిదప రాత్రి కాపలా గాచి మమ్ము జదివించెను. లెక్కలు వ్రాయు చిన్నవాడు సైనికుల కార్డు చూపుమనెను. అది యింట పెట్టెలో నున్నది. కార్డు లేనిదే తగ్గింపు లేదనెను. నాకు గోపము వచ్చి గట్టిగా మాటలాడితిని. నాయన నా భుజముపై జేయి వైచి, “పిల్లగాడు వాని డ్యూటీ వాడు చేస్తున్నడు బిడ్డా, పైసలు కట్టు” అనెను.

మరునాడు లాంచీ నెక్కి నాగార్జునకొండకు బోయితిమి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నేడు నీటిక్రింద నున్నది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగకమున్ను, 1954 మొదలు 1960 వరకు త్రవ్వి తీసిన వానిలో ననేకము కొండపైకి జేర్చిరి. ఆ కొండయే యిపుడు ద్వీపము.

ఆ లోయలో దొరకిన స్మారకశిలలను ప్రాకృతశాసనములు ఛాయాఖంభములనుచున్నవి. సంస్కృతమున ఛాయ యనగా నీడ, కాంతి, ప్రతిబింబము. ఆంగ్లపుమాట స్మరణమును మాత్రమే తెలుపును. పోయినవాని రూపు మనయెదుట నిలుచుట యందు లేదు. రాజులకే కాదు, సేనాపతులకును, సామాన్యసైనికులకును, శిల్పికిని గూడ నట్టి కంబములు నిలిపిరి.

“ఇవి ఎవరు పెట్టించిన్రు?” అని నాయన యడిగెను. శాంతమూల మహారాజు స్తంభమును, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున, తల్లులును తోబుట్టువులును భార్యలును నిలిపిరని చెప్పితిని.

“ఇంటోళ్లేనా!” అని యాయన మిన్నకుండెను.

ఆ మాట నన్ను గ్రుచ్చెను. పానిపట్టు యుద్ధముల తేదీలను ఇరువదియేండ్లుగా పిల్లలచే వల్లె వేయించుచున్నాను. మా యింటి యుద్ధమును గూర్చి యొక్కనాడును అడిగినవాడను గాను. కార్డు జూడనిదే నమ్మని చిన్నవానిపై మండిపడితిని. నేనా కార్డునైనను జూడ గోరలేదు.

ఆ రాత్రి నాయన మెత్తని పరుపు విడిచి నేలపై దుప్పటి పరచుకొనెను. నేనును ప్రక్కన బండుకొని యడిగితిని. పాలమూరు వైపు స్నేహితు డొకడుండెనట. చదువు రాదు, వాని జాబులన్నియు నాయనయే చదివి, ప్రత్యుత్తరములు వ్రాసెడివాడట. వాడు పడిపోయిన కొలది దినములకు తల్లి యొద్దనుండి జాబు వచ్చెను. నాయన దానిని విప్పక తిరిగి పంపెను. “విప్పి చదివి, ఆ తల్లికి నేనే జవాబు రాయవలసింది” అనెను. ఏబదియేండ్లు దాటినను ఆ ప్రత్యుత్తరము ఆయనను విడువలేదు.

2020 జూన్ 15న గల్వాను లోయలో వీరమరణ మొందిన కర్నల్ సంతోష్ బాబుకు మరుసటియేట సూర్యాపేటలో విగ్రహమును నిలిపిరి. అది తగినపనియే. అయినను బ్రతికి వచ్చి మనయిండ్ల యరుగులపై ముసలివారగుచున్న వారి మాటయేమి? వారికి రాయి యక్కరలేదు, అడుగువాడు కావలెను. పలకలు వ్రాయించుట సులభము, ప్రక్కన గూర్చుండి వినుట కష్టము.

ఉపాధ్యాయసోదరులారా, మీ పిల్లలను ఈ పనికి బంపుడు. మా తొమ్మిదవ తరగతివారు ఊరిలోని మాజీ సైనికుల మాటలు వ్రాయుచున్నారు. ఆ పుస్తకపు మొదటి పుటపై నాయన స్నేహితుని పేరున్నది. ఆ తల్లి యిపుడుండదు. అయినను వచ్చు నెల నాయనయు నేనును ఆ యూరికి బోవుదుము. వాని తోబుట్టువు లెవరైన నుందురేమో!