మరి ఊరివారో?

నేను ఉద్యోగమునందున్న దినములలో విజయనగరము నుండి కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని విశాఖపట్టణమునకు పోయితిని. అచట సముద్రపుటొడ్డున, ఇసుకలో సగము కూరుకొనిన కాంక్రీటు గది యొకటి వారికి కనబడెను.

"ఇది యుద్ధకాలపు బంకరు" అని చెప్పితిని. 1942 ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో అను జపాను విమానవాహక నౌక నుండి ఎగిరివచ్చిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. శత్రువు తీరమున దిగునేమో యను శంకతో ఆ యుద్ధకాలమున ఇట్టి గదులను కట్టిరి. గోడలు మిక్కిలి మందము. కిటికీలకు మారుగా తుపాకి గొట్టము పట్టునట్టి సన్నని సందులు. లోనివానికి వెలుపల కనబడును. వెలుపలివానికి లోనివాడు కనబడడు.

"ఇందులో ఎందరు పట్టుదురు, మాస్టారూ?" అని ఒక బాలుడడిగెను.

"కొద్దిమంది సైనికులు."

"మరి ఊరివారో?"

నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు ఆమె కాపురము విశాఖలోనే. బాంబులు పడగానే జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పోసాగిరి. ఆమెయు అయిదేండ్ల మా తండ్రి చేయి పట్టుకొని విజయనగరము త్రోవ పట్టినది. ప్రక్కయింట నడువలేని ముసలమ్మ యొకతె యుండెడిది. తొందరలో ఆమెతో ఒక్క మాటయైనను చెప్పలేదు. పది దినములకు తిరిగివచ్చి చూడగా ముసలమ్మ అరుగుమీదనే కూర్చుండి, "గుంటడు బాగున్నాడా, అమ్మా?" అని యడిగెనట. ఆ మాట చెప్పినపుడెల్ల మా నాయనమ్మ కన్నులు తుడుచుకొనెడిది.

బాలబాలికలారా! మందపు గోడలు కొందరినే కాచును. ఆపదవేళ పొరుగువారి తలుపు తట్టి పిలుచుటకు ఏ గోడయు అక్కరలేదు.