నొప్పి మొదలై ఎన్ని గంటలైంది?

అపెండిసైటిస్ అనుమానం ఉన్నవాళ్ల రక్తపరీక్ష కాగితం అందగానే నేను ముందు చూసేది రక్తం ఎప్పుడు తీశారన్నది. నొప్పి మొదలై అప్పటికి ఎన్ని గంటలైందో తెలియకుండా ఆ అంకెలను నమ్మడానికి లేదు.

హాస్టల్ నుంచి ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. తెల్లవారుజామున బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగింది. టిఫిన్ ముట్టలేదు, ఒక వాంతి అయింది. ఆ చోట నొక్కితే కాలు ముడుచుకున్నాడు. తెల్లకణాలు 9,400. సీఆర్‌పీ మామూలే. "రక్తం బాగానే ఉందిగా డాక్టరుగారూ, గ్యాసేమో. ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు తండ్రి. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. వాపు మొదలయ్యాక రక్తంలో అది పెరిగినట్టు తెలియడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. వీడికి నొప్పి వచ్చి నాలుగు గంటలే. "ఈ రాత్రికి ఉంచండి, పొద్దున మళ్లీ చూద్దాం" అన్నాను. పొద్దునకి తెల్లకణాలు 14,800, సీఆర్‌పీ 52. ఆపరేషన్ చేస్తే అపెండిక్స్ బాగా వాచి ఉంది, పగల్లేదు.

1986లో ఆల్వరాడో అనే సర్జన్ ఈ జబ్బును అంచనా కట్టడానికి 10 మార్కుల పద్ధతి ఇచ్చాడు. అందులో రక్తానికి దక్కినవి 3 మార్కులే: తెల్లకణాలు పెరిగితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ పాలు ఎక్కువైతే 1. మిగతా 7 రోగి చెప్పే మాటకు, పొట్ట మీద పెట్టిన చేతికి, జ్వరానికి. ఆ లెక్క నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

అయితే అపెండిక్స్ పగిలిందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు రక్తం చాలా చెబుతుంది. మిరప కోతలకెళ్లే ఒకావిడ నాలుగు రోజులు కడుపునొప్పితో పడి ఉంది. ఉన్నట్టుండి నొప్పి తగ్గి, ఆనక పొట్టంతా పాకింది. కళ్లు పచ్చబడ్డాయని ఇంట్లోవాళ్లు కామెర్లకు పసరు పోయించారు. నా దగ్గరికొచ్చేసరికి పొట్ట బిగుసుకుపోయింది. బిలిరుబిన్ 2.8, కాలేయం ఎంజైములు మాత్రం మామూలు. సీఆర్‌పీ 200 దాటింది, సోడియం 129కి పడిపోయింది. జబ్బు కాలేయానిది కాదు. కుళ్లిన అపెండిక్స్‌లోని బ్యాక్టీరియా విషాలు పేగుల రక్తంతో పాటు కాలేయానికి చేరి, పైత్యరసం బయటికి పోకుండా అడ్డుపడతాయి. స్కానింగులో కాలేయం, పిత్తాశయం శుభ్రంగా ఉన్నాయి, అపెండిక్స్ చుట్టూ చీము కనబడింది. చీము కడిగి, అపెండిక్స్ తీసేశాక వారంలో కళ్లు తెల్లబడ్డాయి. "పసరు పనిచేసిందండీ" అన్నది వాళ్లత్త. ఆమెను కూర్చోబెట్టి, జరిగింది బొమ్మ గీసి చూపించాను. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఆ కోడలు దక్కేది కాదు.

బిలిరుబిన్ మామూలుగా ఉంటే పగల్లేదని అనుకోవడానికీ వీల్లేదు. అది పెరిగితే తొందరపడతాను, పెరగనంత మాత్రాన నిదానించను.

గర్భిణుల్లో ఏ జబ్బూ లేకుండానే తెల్లకణాలు 15,000 దాకా ఉండొచ్చు. ముసలివాళ్లలో లోపల పగిలినా అవి పెరగకపోవచ్చు. అందుకే ఈ ఇద్దరినీ మరో రక్తపరీక్ష కోసం ఆపకుండా నేరుగా స్కానింగుకు పంపుతాను.