తెర వెనక గొంతు

ఎండాకాలం సెలవులకు మా చెల్లెలి కొడుకు ధర్మవరం నుంచి కొత్తచెరువుకు వచ్చాడు. పదో తరగతి పరీక్షలు రాసి, వాళ్ళ నాయిన చేత కొత్త ఫోను కొనిపించుకుని మరీ వచ్చాడు. ఆ సాయంత్రమే వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, అందులో తుపాకుల ఆట ఒకటి ఎక్కించుకున్నాడు. నేను పక్కనే చింతపండు గింజ తీస్తున్నాను. ఆట మొదలయ్యేముందు తెర మీద ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. ఒక మగ, ఒక ఆడ. ఎవరు కావాలో వేలితో తాకి చెప్పాలి. వాడు రెప్పపాటు కూడా ఆలోచించకుండా ఆడమనిషిని తాకాడు. ముఖం, ఒంటి రంగు చకచకా ఎంచుకుని, జుట్టు దగ్గర మాత్రం పది నిమిషాలు ఆగాడు.

"ఏమప్పా, ఆడపిల్లను తీసుకున్నావు?" అన్నాను.

"డ్రెస్సులన్నీ ఆడపిల్లకే బాగుంటాయి పెద్దమ్మా. మళ్ళీ, తోడు ఆడేవాళ్ళు సామాన్లు కూడా ఇస్తారు."

"ఏం సామాన్లు?"

"మందుల పెట్టె, హెల్మెట్, తూటాలు. మగోని బొమ్మ పెట్టుకుంటే గాయానికి కట్టు గుడ్డ కూడా ఇయ్యరు."

నాకు మోహిని గుర్తొచ్చింది. క్షీరసాగరం చిలికి సంపాదించిన అమృతభాండాన్నే తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టారు రాక్షసులు. ఆటల్లో మనం వేసుకునే రూపాన్ని ప్రపంచమంతా 'అవతార్' అంటుంది. ఆ మాట మన దగ్గర్నుంచి వెళ్ళిందే. మాటతోపాటు ఆ కథ కూడా వెళ్ళినట్టుంది.

లోపల్నుంచి మా అమ్మాయి నవ్వింది. అనంతపురంలో డిగ్రీ చదువుతోంది, అదీ సెలవులకే వచ్చింది. అదే ఆట దాని ఫోన్‌లోనూ ఉంది. చూపించమన్నాను. గడ్డం పెంచిన మగమనిషి, భుజాన తుపాకి. పేరు చూస్తే రెండు అక్షరాలు, ఒక అంకె. ఆ పేరు వెనక ఉన్నది ఆడో మగో ఎవరికీ తెలియదు.

"నువ్వెందుకమ్మా మగోణ్ణి పెట్టుకున్నావు?"

"ఆడుకోవడానికి" అంది.

ఒక్క మాటే చెప్పి లోపలికి పోయింది. చేతిలో చింతపండు అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఒకే ఇంట్లో, ఒకే ఆటలో, ఇద్దరు పిల్లలూ తమది కాని వేషమే కట్టారు. వాడు అందం కోసం కట్టాడు. అది ఆట సాగడం కోసం కట్టింది.

వేషం మారడం మా ప్రాంతానికి కొత్త కాదు. ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా శుద్ధి చేసి, బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులద్ది, దీపం ముందు ఆడించే తోలుబొమ్మలాట వాళ్ళ ఊరు. తరాల కింద మరాఠా సీమ నుంచి వచ్చిన కుటుంబాలు వాళ్ళవి. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెర మీద రామాయణ భారతాలు తెలుగులో ఆడతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

నా చిన్నప్పుడు ఒకసారి మా జేజి ఒళ్ళో నుంచి జారుకుని, ఆట నడుస్తుండగా తెర వెనక్కి దూరాను. ముందు నుంచి చూస్తే లంకాపట్నం. వెనక చూస్తే ఒక చిన్న సంసారం. గుబురు మీసాలాయన పలక మీద కాలితో తొక్కుతూ, నవ్వించే బొమ్మ బంగారక్క గొంతుతో తోటి బొమ్మ జుట్టుపోలిగాణ్ణి తిట్టిపోస్తున్నాడు. ఆయన పక్కన ఒకామె ఒళ్ళో పసిబిడ్డకు పాలిస్తూనే ఏదో వీరుడి తరఫున గట్టిగా సవాలు విసిరింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే జోకొట్టి, మళ్ళీ యుద్ధంలోకి పోయింది. తెరకు ఇవతల కూర్చున్న ఊరంతా బొమ్మల్నే చూసింది. ఆ గొంతు ఎవరిదని అడిగిన వాళ్ళు లేరు. వెనక ఉన్న వాళ్ళలోనూ నీకెందుకీ వేషమని అన్న వాళ్ళు లేరు. చేతికందిన బొమ్మకు ప్రాణం పోయడమే వాళ్ళ పని.

ఫోను తెర కూడా అట్లాంటిదే కావాలి కదా అనుకుంటాను. దీపం వెనక నుంచే వెలుగుతుంది, బొమ్మ ముందు ఆడుతుంది, ఆడించే చెయ్యి కనపడదు. మా పిల్లలు ఆడే ఆటలో మగ బొమ్మకూ ఆడ బొమ్మకూ పరుగులో తేడా లేదు, తగిలే దెబ్బలో తేడా లేదు. తేడా అంతా ఆడేవాళ్ళ మధ్యే.

ఈ ఎంపిక ఆటల్లో మామూలు కావడానికి చాలా కాలం పట్టింది. చాలా ఏళ్ళు ఎక్కువ ఆటల్లో నాయకుడంటే మగవాడే, రాకుమారి అంటే విడిపించుకు రావలసిన సరుకు. 1986లో జపాన్‌లో వచ్చిన 'మెట్రాయిడ్'లో ఇనప కవచం తొడుక్కున్న యోధుడు ఆటంతా పోరాడతాడు. ఆట త్వరగా ముగించగలిగితే చివర కవచం తీస్తాడు. లోపల ఉన్నది స్త్రీ. అప్పటిదాకా ఆడిన పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. 1996లో 'టూంబ్ రైడర్' లారా క్రాఫ్ట్‌ను దాచకుండా మొదటి నుంచే ముందు నిలబెట్టింది. పోకెమాన్ వరుసలో అమ్మాయిగా ఆడే వీలు 2000లో వచ్చిన 'క్రిస్టల్'తో మొదలైంది. 2014లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో నలుగురు కలిసి ఆడే చోట ఆడ బొమ్మ ఎందుకు లేదని అడిగితే, దానికి కదలికలూ బట్టలూ విడిగా చెయ్యాలి, చాలా పని అని తయారీదారులు జవాబిచ్చారు. నిమ్మలకుంటలో సీత బొమ్మకు తోలు చాలలేదని ఎవరన్నా అని ఉంటారా?

వీటన్నిటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 'రస్ట్' అనే ఆట. 2016లో ఆడ శరీరాలు తెచ్చినప్పుడు వాళ్ళు ఎంపికే ఇవ్వలేదు. ఖాతా సంఖ్యను బట్టి ఒకరికి ఆడ శరీరం, ఒకరికి మగ శరీరం వచ్చేస్తుంది, మార్చుకోవడానికి లేదు. మాకు ఆడ శరీరం ఎందుకిచ్చారని చాలామంది మగవాళ్ళు గోల చేశారు. వచ్చిన శరీరంతో సర్దుకుని బతకడమెట్లాగో కొందరికి ఆటలోనైనా తెలిసింది.

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆడేవాళ్ళను గమనించి అమెరికా పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. 375 మందిని చూస్తే, మగవాళ్ళలో నూటికి 23 మంది ఆడ రూపం ఎంచుకున్నారు. ఆడవాళ్ళలో మగ రూపం ఎంచుకున్నది నూటికి ఏడుగురే. ఆడ రూపంలో ఉన్న మగవాళ్ళు గెంతడం ఎక్కువట, మాటల్లో ఆశ్చర్యార్థకాలు వాడడం ఎక్కువట. మా వాడు జుట్టు దగ్గర గడిపిన పది నిమిషాలు గుర్తొచ్చి నాకు ముచ్చటేసింది. మగపిల్లవాడికి అలంకరించుకునే చోటు ఇంట్లో లేదు, బడిలో లేదు. ఆ చిన్న తెర మీద దొరికింది. దాన్ని తప్పుపట్టే వాళ్ళతో నేను కలవను. వాణ్ణి ఆడుకోనివ్వండి.

మా అమ్మాయి సంగతే వేరు. ఆటలో అది మైకు మూసేసి, టైప్ చేసే మాట్లాడుతుంది.

మన భాషలో ఒక గొప్పతనం ఉంది, ఇన్నేళ్ళు మాట్లాడుతూ కూడా నేను గమనించలేదు. తెలుగులో 'నేను'కు ఆడా మగా లేదు. 'నువ్వు'కూ లేదు. 'నేను వస్తాండా' అంటే, అన్నది ఎవరో ఆ మాట చెప్పదు. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే వచ్చాడనీ వచ్చిందనీ విడదీస్తాం, పది మందయితే మళ్ళీ అందరూ వచ్చారే. హిందీలో అట్లా కుదరదు. 'ఆ రహా హూఁ' అంటే మగ, 'ఆ రహీ హూఁ' అంటే ఆడ. తన రాక చెప్పాలంటే ముందు తానెవరో చెప్పుకోవాల్సిందే. కలిసి ఆడే జట్టులో, అంటే స్క్వాడ్‌లో, తెలుగువాళ్ళే ఉంటే మా అమ్మాయి మామూలుగా టైప్ చేసి మాట్లాడుతుంది. ఉత్తరాది వాళ్ళు కలిస్తే వేళ్ళకు అలవాటైపోయినట్టు 'రహా హూఁ' అని కొడుతుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు దాని గొంతులో బాధ కూడా లేదు. బాధ లేకపోవడమే నాకు గుచ్చుకుంది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించే సీమ మాది. చిన్నప్పట్నుంచి విన్న కథే, మొన్న మళ్ళీ తలుచుకుంటే వేరేగా వినిపించింది. అజ్ఞాతవాసంలో అర్జునుడు బృహన్నల అయ్యాడు, భీముడు వంటవాడయ్యాడు. పాండవులు ఐదుగురినీ వాళ్ళ వేషాలు కాపాడాయి. ద్రౌపదికీ వేషం ఉంది, సైరంధ్రి. అది ఆమె రాణి అన్న సంగతిని దాచింది గాని, ఆడది అన్న సంగతిని దాచలేదు. కీచకుడికి అంతే చాలింది. 1963 నాటి 'నర్తనశాల'లో బృహన్నలగా నటించిన ఎన్టీ రామారావును మా హిందూపురం వాళ్ళు 1985 నుంచి మూడుసార్లు శాసనసభకు పంపారు. ఆ సినిమా గురించి ఇక్కడ ఎవరినడిగినా బృహన్నల ఆట గురించి చెబుతారు. ద్రౌపదిగా సావిత్రి మొహంలోని భయం గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇదంతా చెబితే మా వీధిలో ఒక పెద్దాయన, "ఆడపిల్లకు ఆ ఆటలెందుకమ్మా, తీసెయ్యమను" అన్నాడు. ఈ మాట ఇంకోచోట ముందే విన్నాం. తెలుగు నాటకం బాగా వెలిగిన రోజుల్లో వేదిక మీద సత్యభామ ఉండేది, చిత్రాంగి ఉండేది, ఆడమనిషి మాత్రం అరుదు. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే ఆడవాళ్ళే ఆయన నడక చూసి ఆశ్చర్యపోయేవారట. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కళకు నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ సత్యభామను చూడటానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలిన కాలంలోనే, నిజమైన ఆడపిల్ల వేదికెక్కితే చెడిపోయిందన్నారు. దాన్ని ఎదిరించిన వాడు మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే పుట్టాడు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ, ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. ఆడ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని ఆయన పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి వాళ్ళు ఆయన సరసన నటించారు. స్త్రీ పాత్ర ఉండి స్త్రీ లేని వేదిక ఆయనకు బోసిగా కనపడింది.

ఈ తెర మీద కూడా అదే జరుగుతోంది. ఆడ బొమ్మలు కావలసినన్ని ఉన్నాయి, వాటి వెనక మా చెల్లెలి కొడుకు లాంటి పిల్లలున్నారు. ఆడపిల్లలు గడ్డాల వెనక ఉన్నారు. ఆటలు తీసేస్తే పోతాయా అంటే అదీ లేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించింది. ఏడాది తిరక్కుండానే, 2021 జులైలో, అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. పిల్లలు దేన్నీ మరిచిపోలేదు.

అసలు మైకు ఎందుకు మూసేసిందో మా అమ్మాయి వారం తర్వాత చెప్పింది. హాస్టల్లో ఒక రాత్రి నలుగురితో కలిసి ఆడుతోంది. అప్పటికి దానిది ఆడ బొమ్మే. మిగతా ముగ్గురూ తెలియని వాళ్ళు, తెలుగువాళ్ళే. ఆట చివరికి వచ్చింది, అందరూ చిన్న వలయంలోకి చేరారు. వెనక బండ చాటున శత్రువు కదలడం దీనికి కనపడింది. టైప్ చేసే సమయం లేదు. మైకు తెరిచి "వెనక బండ చాటున ఉన్నాడు" అంది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు "అమ్మాయివా?" అన్నాడు. ఇంకొకడు ఏ ఊరన్నాడు. మూడోవాడు నంబరడిగాడు. ఒక పాట పాడమన్నారు. బండ వైపు ఒక్కడూ చూడలేదు. బండ చాటు వాడు నలుగురినీ కాల్చేశాడు. ఓడిపోయింది ఆడదాని వల్లేనని తిట్టారు, ఇక్కడ రాయలేని మాటలన్నారు. అది ఫోను పక్కన పెట్టి, నీళ్ళు తాగి పడుకుంది. పొద్దున లేచి బొమ్మను మార్చుకుంది.

ఇది మా చెల్లెలి కొడుకు కూడా విన్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు. "నేను కూడా ఒకసారి అట్లా అడిగినా పెద్దమ్మా" అన్నాడు చివరికి. వాణ్ణి నేనేమీ అనలేదు. వాడు దాచకుండా చెప్పాడు, నాకు అది చాలు.

ఈ వ్యాసం చదివే పిల్లలు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా మా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు మగపిల్లలు ఉంటే, మీకు నచ్చిన బొమ్మ పెట్టుకోండి, నచ్చిన జుట్టు పెట్టుకోండి. మీ స్క్వాడ్‌లో ఎప్పుడన్నా ఒక ఆడగొంతు వినిపిస్తే ఊరూ పేరూ అడగొద్దండి. బండ చాటున మనిషి ఉన్నాడని ఆ పిల్ల చెబితే, బండ వైపు చూడండి.