సూది వేసిన చేతికే సూదంటే భయం

నలభై సంవత్సరాల వైద్యవృత్తిలో నేను ఎన్ని సూదులు వేశానో నాకు లెక్క తెలియదు. కండకు, నరానికి, చర్మం క్రింద, వెన్నుపూసల నడుమ, వేయవలసిన ప్రతి చోటా వేశాను. ఏడ్చే పిల్లలను బుజ్జగిస్తూ వేశాను, పారిపోబోయిన పెద్దలను మందలిస్తూ వేశాను. అటువంటి నేను అరవై తొమ్మిదవ ఏట, క్రింది దవడలో పుచ్చిన దంతం ఒకటి పెట్టుకొని, ఏడు నెలలపాటు దంతవైద్యుల గడప తొక్కకుండా తప్పించుకు తిరిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. కానీ ఇది చదువుతున్న మీలో కొందరు ఈ క్షణాన నాలుకతో ఒక పన్నును తడిమి చూసుకుంటూ, ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకుంటున్నారని నాకు తెలుసు. అందుకే వ్రాస్తున్నాను.

ఆ ఏడు నెలలు నేను చేసినవన్నీ నా రోగులు చేస్తే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. లవంగ నూనెలో ముంచిన దూది పంటిపై పెట్టుకున్నాను. అది కొంతసేపు తిమ్మిరి కలిగిస్తుందే కాని పుచ్చును మాన్పదు. నొప్పి ఎక్కువైన రోజుల్లో నొప్పి మాత్రలు, వాపు కనిపించినప్పుడు ఎవరినీ అడగకుండా నాలుగైదు రోజులు సూక్ష్మజీవి నాశకాలు మింగాను. నొప్పి తగ్గగానే జబ్బు తగ్గిందని నన్ను నేను నమ్మించుకున్నాను. ఒకరోజు భోజనాల వేళ మా ఆవిడ, “మీరు ఎడమవైపు నమలడం మానేసి ఎన్నాళ్ళయిందండీ?” అని అడిగింది. నాకే తెలియదు.

ఈ భయం ఎక్కడిదని వెనుకకు తిరిగి చూసుకుంటే రెండు చోట్ల ఆగాను. మొదటిది కృష్ణా పుష్కరాల సంవత్సరం. మా బడి వరండాలో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి కలరా సూదులు వేశారు. ఆ రోజుల్లో సూదులు వాడి పారవేసేవి కావు. గాజు సిరంజిని, ఇనుప సూదిని మరగబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవారు. వాడగా వాడగా సూది మొన మొద్దుబారేది. నాకు ముందున్నవాడు సూది పడగానే కళ్ళు తేలవేసి నేలకు ఒరిగాడు. వాణ్ణి ప్రక్కకు జరిపి, నా చొక్కా చేయి పైకి మడిచారు.

రెండవది వైద్యవిద్యార్థిగా ఉన్నప్పటిది. చీము పట్టిన పన్నును ఒకరు పీకారు. తిమ్మిరి సూది వేశారు గాని తిమ్మిరి ఎక్కలేదు. “నొప్పిగా ఉన్నది” అంటే “డాక్టరు కాబోతూ ఇంత పిరికితనమా?” అన్నారు. నేను నోరు మూసుకున్నాను, అంటే తెరచి ఉంచాను. నా మాట అబద్ధం కాదని తరువాత చదువుకొని తెలుసుకున్నాను. చీము పట్టిన చోట కణజాలానికి ఆమ్లత్వం పెరుగుతుంది. తిమ్మిరి మందు నరంలోకి చొరబడాలంటే ఆమ్లత్వం తక్కువగా ఉండాలి. అందువలన మందు అక్కడ సరిగా పనిచేయదు. రోగి నొప్పి అన్నప్పుడు నమ్మి, వాపుకు దూరంగా నరం మొదట్లో మందు వేసి, తిమ్మిరి ఎక్కేవరకు ఆగాలి. నాకు ఆ రోజు జరగనిది అదే.

పంటి చీము ఎంతవరకు పోగలదో నాకు తెలియక కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను చేరిన కొత్తలో, ఒక సాయంత్రం ఒక తాపీ మేస్త్రిని తీసుకువచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గడ్డం క్రింద మెడంతా రాయిలా గట్టిపడి వాచింది. నాలుక పైకి నెట్టుకువచ్చి నోరు మూతపడడం లేదు, చొంగ కారుతున్నది, ముందుకు వంగి కూర్చుంటేనే ఊపిరి ఆడుతున్నది. క్రింది దవుడ పండ్ల చీము నాలుక క్రింది పొరల్లోకి ప్రాకితే వచ్చే ఈ స్థితిని జర్మన్ వైద్యుడు లూడ్విగ్ 1836లో వర్ణించాడు, ఆయన పేరుతోనే ‘లూడ్విగ్ ఆంజైనా’ అంటాము. మందులు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను. దారిలోనే పోయాడు. పన్ను తీయించుకోమని నెల క్రితమే చెప్పారట. “సూదంటే భయమయ్యా ఆయనకు, రేపు రేపు అన్నాడు” అని భార్య అన్నది. అంత బరువు ఇటుకలు మోసినవాడు సూదికి జడవడమేమిటని ఆనాడు మనసులో అనుకున్నాను. ఆ ఆలోచనకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఏడవ నెలలో ఒక తెల్లవారుజామున నా దవుడ వాచింది. అద్దం ముందు నిలబడి గడ్డం క్రింద వ్రేళ్ళతో నొక్కి చూసుకున్నాను. వాపు ఇంకా మెత్తగానే ఉన్నది, నాలుక కదులుతున్నది, మింగుడు పడుతున్నది. అయినా ఆ మేస్త్రి ముఖం అద్దంలో నా వెనుక నిలబడినట్లనిపించింది. మా ఆవిడను లేపి, ఆసుపత్రికి పోదాము, తోడు రమ్మన్నాను.

దంతవైద్యురాలు నా కూతురి వయసు అమ్మాయి. పన్ను చూడడానికి ముందు ఒక కాగితం చేతికిచ్చింది. అందులో అయిదు ప్రశ్నలు. రేపు పంటి వైద్యానికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట గదిలో కూర్చున్నప్పుడు, పన్ను తొలిచేటప్పుడు, పండ్లు శుభ్రం చేసేటప్పుడు, చిగురులో సూది వేసేటప్పుడు ఎలా ఉంటుంది? ఒక్కొక్క దానికి ఒకటి నుండి అయిదు వరకు గుర్తులు. మొత్తం 19, ఆపైన వస్తే భయం తీవ్రమైనదని లెక్క. నాకు 21 వచ్చినవి. వృత్తిజీవితంలో ఎవరూ నన్ను ఈ ప్రశ్నలు అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

“డాక్టరుగారూ, మీకు భయం నొప్పికా, సూదికా, లేక కదలకుండా పడుకోవలసి రావడానికా?” అని అడిగింది. ఈ మూడూ వేరువేరని నేను ఎన్నడూ విడదీసి చూడలేదు. నొప్పికి భయపడేవారికి తిమ్మిరి బాగా ఎక్కించి, ఎక్కినదని చూపించడమే మందు. కదలలేని స్థితికి భయపడేవారికి పగ్గాలు తమ చేతిలో ఉన్నాయన్న భరోసా మందు. ఎడమ చేయి ఎత్తితే ఎక్కడి పని అక్కడ ఆపుతానని ఆమె ముందే చెప్పి, ఒకసారి ఎత్తించి ఆపి చూపింది కూడా. ఇక సూదికి భయపడేవారిలో కొందరి శరీరం మిగతా భయస్థుల వలె ప్రవర్తించదు. మామూలు భయంలో గుండె వేగము, రక్తపు పోటు పెరుగుతాయి. వీరిలో మొదట కొద్దిగా పెరిగి, ఆపైన రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, మనిషి సొమ్మసిల్లుతాడు. మా బడి వరండాలో ఒరిగిపోయిన వాడికి జరిగినది అదే. అటువంటివారికి ‘ఒళ్ళు వదులు చేసుకోండి’ అనడం సరైన సలహా కాదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరన్ ఓస్ట్ 1980వ దశకంలో దీనికి ఒక పద్ధతి రూపొందించాడు. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను పది పదిహేను సెకండ్లు బిగించాలి, ముఖం వెచ్చబడినట్లనిపించగానే వదలాలి, అరనిమిషం ఆగి మళ్ళీ బిగించాలి. ఇలా అయిదుసార్లు చేస్తే పోటు పడిపోకుండా నిలుస్తుంది. సూది వేసే చేతిని మాత్రం బిగించకూడదు. మీకు సూది చూస్తే కళ్ళు తిరిగే అలవాటుంటే, పడుకోబెట్టి వేయమని అడగండి. అది అడగడంలో నామోషీ లేదు.

నా భయం మూడూ కలిసినది. “తేలిక మత్తు ఇస్తాను” అన్నది ఆమె. సెడేషన్ అనే ఈ మాట వినగానే చాలామంది ఆపరేషను గదిలో ఇచ్చే సంపూర్ణ మత్తు అనుకుంటారు. రెండూ ఒకటి కావు. తేలిక మత్తులో మీరు మెలకువగానే ఉంటారు, పిలిస్తే పలుకుతారు, మీ ఊపిరి మీరే పీల్చుకుంటారు. తగ్గేది ఆందోళన. ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి: ఈ మత్తు భయానికే గాని పంటి నొప్పికి సరిపోదు. తిమ్మిరి సూది తప్పదు. మత్తు వలన ఆ సూది పెద్ద సంగతిగా తోచదు, అంతే.

నాకు ముక్కుమీద చిన్న తొడుగు పెట్టి నైట్రస్ ఆక్సైడ్, ప్రాణవాయువు కలిపి ఇచ్చారు. ఈ వాయువుకు దంతవైద్యంతో ఉన్న బంధుత్వం పాతది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఒక వినోద ప్రదర్శన చూడడానికి వెళ్ళాడు. ఆ వాయువు పీల్చి చిందులు వేసిన ఒక యువకుడు కాలికి దెబ్బ తగిలినా నొప్పి ఎరుగకపోవడం గమనించాడు. మరునాడే తాను ఆ వాయువు పీల్చి, తన పన్నునే తోటి వైద్యునితో పీకించుకున్నాడు. మరుసటి నెల బోస్టన్‌లో వైద్యవిద్యార్థుల ఎదుట చూపబోతే రోగి అరిచాడు, వెల్స్‌ను ఎగతాళి చేసి పంపారు. పాపం, పద్ధతి సరైనదే, మోతాదే కుదరలేదు. ఈనాటి యంత్రాలలో ఆ బాధ లేదు. ప్రాణవాయువు 30 శాతానికి తగ్గకుండా అవి కాపాడతాయి. మొదట వట్టి ప్రాణవాయువు ఇచ్చి, నైట్రస్ ఆక్సైడ్‌ను కొద్ది కొద్దిగా పెంచుకుంటూ పోతారు.

రెండు మూడు నిమిషాలలో నా పాదాలు, వ్రేళ్ళ కొనలు జివ్వుమన్నవి. ఒళ్ళు వెచ్చగా, బరువుగా అయింది. ఆమె మాట ప్రక్క గదిలో నుండి వచ్చినట్లు వినిపించింది. చిగురుకు తిమ్మిరి లేపనం వ్రాసి, కొంతసేపు ఆగి సూది వేసింది. సూది వెళ్ళడం తెలిసింది. తెలిసింది గాని, ఆ సంగతి నాది కాక మరెవరిదో అయినట్లున్నది. మందును నెమ్మదిగా ఎక్కించింది. నొప్పికి సూది మొన కంటే మందును తొందరగా నెట్టడమే పెద్ద కారణమని, ఇన్ని సూదులు వేసిన నేను ఆ కుర్చీలో పడుకొని నేర్చుకున్నాను. మందులో కలిపే ఎడ్రినలిన్ వలన కొన్ని క్షణాలు గుండె దడదడలాడవచ్చునని ముందే చెప్పింది కనుక, ఆ దడను భయమనుకొని మరింత భయపడలేదు. పెదవి మొద్దుబారిన తరువాత పన్ను తెరిచి చీము బయటికి వదిలింది. పని ముగిశాక అయిదు నిమిషాలు వట్టి ప్రాణవాయువు పీల్చాను. నడిచి బయటికి వచ్చాను. మా ఆవిడ నా ముఖం చూసి, “ఇంకా మొదలుపెట్టలేదా?” అని అడిగింది.

వాయువు అందరికీ పనికిరాదు. ముక్కు దిబ్బడ ఉన్నవారికి అది సరిగా అందదు. గర్భిణులు తొలి మాసాలలో తీసుకోరాదు. కంటి వెనుక తెర శస్త్రచికిత్సలో కంటిలో వాయువు నింపించుకున్నవారు, ఆ వాయువు కరిగిపోయేదాకా దీని జోలికి పోకూడదు, చూపుకే ప్రమాదం. ఇది శరీరంలో విటమిన్ బి12ను పనిచేయనీయదు. శాకాహారులు, మధుమేహానికి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు మనలో చాలామంది కనుక, బి12 లోపముంటే తప్పక చెప్పాలి.

వాయువు చాలనివారికి మాత్రల ద్వారానో, నరం ద్వారానో మిడజోలమ్ వంటి మందులు ఇస్తారు. నరానికి ఇచ్చినప్పుడు జరిగినదంతా చాలామందికి గుర్తుండదు. సూదికి భయపడేవారికి ఈ మందు ఇవ్వడానికే సూది కావాలి కదా అని మీరు అడగవచ్చు. చేతి వెనుక లిడొకైన్, ప్రిలొకైన్ కలిసిన లేపనం వ్రాసి గంట ఆగితే ఆ గుచ్చు చాలావరకు తెలియదు. లేదా ముందుగా వాయువు ఇస్తారు. అయితే ఈ మందులు శ్వాసను మందగింపజేయగలవు. వయసు మళ్ళినవారికి మోతాదు తగ్గించాలి. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగేవారు, మద్యం తీసుకున్నవారు, నిద్రమాత్రలో నల్లమందు జాతి నొప్పి మందులో వాడేవారు దాచకుండా చెప్పాలి. మత్తు ఎవరు ఇస్తారు, పని జరిగేటప్పుడు నా ఊపిరిని, నాడిని ఎవరు కనిపెట్టి ఉంటారు, ప్రాణవాయువు, విరుగుడు మందు సిద్ధంగా ఉన్నాయా అని అడగండి. సరైన వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే లేచి వచ్చేయండి. ఇంటికి తీసుకువెళ్ళడానికి తోడు ఉండాలి, ఆ రోజంతా బండి నడపరాదు, దస్తావేజుల మీద సంతకాలు చేయరాదు. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర ఒకటి మింగి వెళ్దామన్న ఆలోచన మాత్రం వద్దు.

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న మాట నేటికీ వింటున్నాను. పంటి నరానికి, చూపు నరానికి సంబంధం లేదు. ఇంకొక మాట కూడా వింటున్నాను. “అన్నం తినకపోతే డాక్టరుగారితో సూది వేయిస్తా” అని మా మనుమరాలిని మొన్న ఎవరో బెదిరించారు. అది నన్ను చూసి, నా చేతుల కేసి చూసింది. ‘చీమ కుట్టినట్లుంటుంది, అంతే’ అని ఇన్నేళ్ళు పిల్లలకు నేను చెప్పిన మాట కూడా నిజం కాదు. కొంచెం నొప్పి పెడుతుంది, పది అంకెలు లెక్కపెట్టేలోగా తగ్గుతుంది అని చెప్పి ఉంటే బాగుండేది.

ఆ తరువాత మరి మూడుసార్లు వెళ్ళి పంటి వేరు చికిత్స పూర్తి చేయించుకున్నాను. రెండవసారి వాయువు సగానికి తగ్గించారు. చివరిసారి తొడుగు ముక్కుమీద ఉన్నదే గాని, వట్టి ప్రాణవాయువే వచ్చినదని పని అయ్యాక ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. వచ్చే నెల పైవరుసలో ఒక పన్ను నింపించుకోవాలి. దానికి మత్తు అక్కరలేదేమో సార్ అన్నది. నాకూ అలాగే అనిపిస్తున్నది. అయినా యంత్రాన్ని చేతికందే దూరంలో ఉంచమని చెప్పి వచ్చాను.