దకి లావత్తు

నిన్న పొద్దున పాలు పొంగి స్టవ్వంతా పారాయి. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను, కళ్ళు మాత్రం ఫోను మీద. ఊళ్ళో ఉన్న అమ్మకి ఒక్క ముక్క రాయాలి: రాత్రి నుంచీ హైదరాబాద్‌లో వాన అని. ఫోను దాన్ని "హైదరాబాద్లో" చేసింది. దకి లావత్తు! చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ లావత్తే. మధ్యలో కాస్త ఖాళీ ఇస్తే "హైదరాబాద్ లో" అని రెండు ముక్కలైంది. అదీ నాకు సహించదు. "లో" అనేది పేరుని అంటిపెట్టుకుని బతికే మాట, దాన్ని విడదీసి ఒంటరిగా నిలబెడితే ఎలా? ఇంతలో చుయ్యిమని చప్పుడు, మాడు వాసన.

మీకూ జరిగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అని రాయబోతే "సాఫ్ట్వేర్" అని టకి వావత్తు వచ్చి తగులుకుంటుంది. చదివేవాళ్ళు ఎలాగూ అర్థం చేసుకుంటారులే అని చాలామంది వదిలేస్తారు. నేను వదల్లేను. చిన్నప్పుడు పలక మీద తప్పు వత్తు పెడితే మా అమ్మ తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయించేది. ఆ అలవాటు పోలేదు, పోవాలనీ లేదు.

సాయంత్రం మా అక్క కొడుకు వచ్చాడు. వాడు చదివేది కంప్యూటర్లే. సంగతి చెప్పగానే, "మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి పిన్నీ" అన్నాడు. కనిపించని అక్షరమేమిట్రా అన్నాను. ఉందట. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని కలవనివ్వకపోవడం.

వాడు కాఫీ తాగుతూ చెప్పింది వింటుంటే నాకు ముచ్చటేసింది. కంప్యూటర్లన్నీ ఒప్పుకున్న అక్షరాల పట్టిక యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగు ఉంది. మనకి కేటాయించినవి 128 గళ్ళు. చిత్రమేమిటంటే ఆ గళ్ళలో ఎక్కడా వత్తులు లేవు! లావత్తు అనే అక్షరమే లేదక్కడ. ద, పొల్లు, ల అని మూడూ వరసగా వస్తే, లని ద కిందకి దించి వత్తుగా గీసేది ఫాంటు. "వద్దు, పక్కనే ఉండనివ్వు" అని దానికి చెప్పాలంటే పొల్లు తర్వాత ఆ కనిపించనిదాన్ని పెట్టాలి. కొన్ని కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. నా ఫోనులో నాకైతే దొరకలేదు. వాడే ఒక మెసేజ్‌లో రెండు చుక్కల మధ్య పెట్టి పంపాడు. చుక్కలెందుకంటే, అవి లేకపోతే అదెక్కడుందో తెలియదుగా! ఇప్పుడు అవసరమైనప్పుడల్లా ఆ చుక్కల మధ్య నుంచి తెచ్చుకుంటున్నాను.

ఈ కనిపించని అక్షరం ఒకసారి లోకమంతటినీ కంగారు పెట్టింది కూడా. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఇదే, దాని తర్వాత దీర్ఘం. ఆ వరసని ఎలా గీయాలో ఆ ఫోన్లకి తెలియలేదు. మెసేజ్‌లో ఆ ఒక్క అక్షరం వస్తే చాలు, యాప్ మూతపడేది. తెరిస్తే మళ్ళీ మూతే. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వచ్చి బాగుచేసింది. ఆ రోజుల్లో తెలుగు అక్షరమంటే ఏదో బాంబులాగా జోకులు తిరిగాయి. నాకు మనసు చివుక్కుమంది. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం ఆ అక్షరంతో రాసుకునే మాటలు. తప్పు దాన్ని గీయలేకపోయిన యంత్రానిది. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

అసలు మన అక్షరం మన దగ్గరున్నంతసేపూ ఏ పేచీ లేదు. గడప దాటాకే తిప్పలు. మా అమ్మ పేరు చివర లక్ష్మి ఉంది. తెలుగులో లక్ష్మిని ఒక్కలాగే రాస్తాం. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆధార్‌లో కేఎస్‌హెచ్ అయింది, బ్యాంకు పుస్తకంలో ఎక్స్ అయింది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ముందు, ఒకచోట పూర్తిగా చివర. నాన్న పోయాక రావాల్సిన డబ్బు ఈ తేడా దగ్గర ఆగిపోయింది. మే నెల ఎండలో రెండుసార్లు బస్సెక్కి వెళ్ళాం. కౌంటర్లో ఉన్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు. అమ్మ కాసేపు ఆ కాగితాల వంకే చూసి, "నేను ఒక్కదాన్నే కదా బాబూ" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. రెండు కాగితాల మీదా సంతకం మాత్రం ఒకటే, గుండ్రంగా, తెలుగులో.

అమ్మ చదివింది ఐదో తరగతి దాకా. ఫోను కొనిచ్చిన కొత్తల్లో మైకు నొక్కి మాట్లాడేది, అది రాసుకునేది. ఒకరోజు "ఇవాళ తెలుగు పిండి మునగాకు కూర" అని వచ్చింది. తెలగపిండి అని ఆవిడ చెప్పింది, గానుగ దగ్గర దొరికే నువ్వుల పిండిని ఆ ఫోను ఎన్నడూ చూసి ఉండదు. అమ్మకి నచ్చలేదు. నేను అనని మాట నా పేరు మీద పోవడమేమిటి అంది. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు కీబోర్డులో చేతిరాత పెట్టి ఇచ్చాను. వేలితో గీస్తే అక్షరమైపోతుంది.

మీరు చూడాలి ఆవిడ రాస్తుంటే. ముందు చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటుంది. గోరుకి పట్టిన పసుపు అలాగే ఉంటుంది. ఫోనుని ఒళ్ళో పలకలాగా పెట్టుకుని, ముందు గుండ్రం చుట్టి, తర్వాత తలకట్టు పెడుతుంది. గీస్తున్నంతసేపూ పెదవులు లోపల లోపల ఆ అక్షరాన్ని పలుకుతుంటాయి. తలకట్టు పడ్డాక వేలెత్తి ఒక్క క్షణం ఆగుతుంది. తెర మీద అచ్చక్షరం వచ్చి నిలబడితే మొహం విప్పారుతుంది. నాలుగు మాటలకి పావుగంట. మైకు జోలికి మళ్ళీ పోలేదు.

నిన్న రాత్రి ఆవిడ జవాబు వచ్చింది.

"హైదరాబాదులో వానేనా. ఇక్కడ చినుకు లేదు. చెఱువు అడుగంటింది. గొడుగు మరిచిపోకు."

చెఱువుకి బండి ఱ! ఐదో తరగతి వాచకంలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పెట్టింది. అది చూసి మురిసిపోయి మళ్ళీ మొదటి నుంచి చదివాను. హైదరాబాదులో. దకి కొమ్ము! పొల్లు లేదు, లావత్తు లేదు, చుక్కల మధ్య దాచుకున్న అక్షరంతో పనే లేదు. అమ్మ నోట ఎప్పుడూ అంతే కదా. బస్సు, బ్యాంకు, కరెంటు, రైలు, ఎక్కణ్ణుంచి వచ్చిన మాటకైనా చివర ఒక కొమ్ము తగిలించి ఇంట్లోకి పిలుచుకుంటుంది. పొల్లు దగ్గర మాటని ఆపేయడం ఆవిడకి రాదు. నేనే చదువుకుని, పట్నం వచ్చి, ఆ కొమ్ము ఎక్కడో వదిలేసుకున్నాను.

స్టవ్వు మీద మాడిన పాల చార ఇంకా పూర్తిగా పోలేదు. పీచు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుని, నేనూ చేతిరాత పెట్టుకుని వేలితోనే రాశాను.

"అవునమ్మా, హైదరాబాదులో వానే. ఫోనులో ఛార్జింగు తక్కువుంది. పొద్దున మాట్లాడతా."