హైదరాబాదు నుండి జిద్దాకు

హైదరాబాదుకూ జిద్దాకూ మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం దీనిని ఐదున్నర నుండి ఆరు గంటలలో దాటుతుంది. మన పెద్దలు రైలులో బొంబాయి చేరి, ఓడ ఎక్కి, వారానికి పైగా సముద్రంపై గడిపితేగాని జిద్దా తీరం కనిపించేది కాదు. 1995తో ఆ హజ్ ఓడలు నిలిచిపోయాయి.

తిరుగు ప్రయాణానికి అంత సేపు పట్టదు. పడమటి నుండి తూర్పుకు వీచే పైగాలులు, ముఖ్యంగా చలికాలంలో, విమానాన్ని వెనుక నుండి నెడతాయి. సుమారు ఐదు గంటలు చాలు. అయితే జిద్దా గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అక్కడ రాత్రి 10 గంటలకు బయలుదేరిన విమానం శంషాబాదులో దిగేసరికి చేతి గడియారం 3 చూపుతుంది. ఫజ్ర్‌కు ఇంకా సమయం ఉందనుకుంటారు. ఇక్కడ అప్పుడు ఉదయం 5.30. వేసవిలోనైతే మరి కొద్ది నిమిషాలలో సూర్యోదయం! సామాను కోసం నిలబడితే నమాజు ఖజా అయినట్లే. ఆ నమాజును విమానంలోనే, వేళకు, ఖిబ్లా దిశ అడిగి తెలుసుకుని చేసుకోవాలి. పడమటికి వెళ్ళే ఉపవాసికి దీనికి భిన్నం. పగలు సాగుతూ పోతుంది. హైదరాబాదులో మగ్రిబ్ అయిందని కిటికీలో సూర్యుడు కనిపిస్తుండగా ఇఫ్తార్ చేయరాదు.

ఉమ్రాకు వెళ్ళేవారికి మరొక మాట. విమానం నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు పోతుంది. మీఖాత్ సమీపిస్తున్నదని ప్రకటన వినిపించాక స్నానాలగది ముందు వరుసలో నిలబడితే మీఖాత్ దాటిపోతుంది. ఇహ్రాం వస్త్రాలు ఇంటి దగ్గరో శంషాబాదులోనో ధరించి, సంకల్పం, తల్బియా మీఖాత్‌కు ముందే పూర్తి చేసుకోవడం క్షేమం.

ఇక, ఈ ఐదు గంటలు అందరికీ ఐదు గంటలు కావు. మా మదరసాలో కడప ప్రాంతపు విద్యార్థి ఒకడున్నాడు. అతని తండ్రి జిద్దాలో హౌస్ డ్రైవర్. ఒకరోజు జుహర్ తరువాత అతని దాదీ మరణించారు. జనాజాను ఆలస్యం చేయరాదు గనుక ఇషా తరువాత ఖననం జరిగింది. “విమానం ఐదు గంటలే కదా ఉస్తాద్, మా అబ్బా ఎందుకు రాలేదు?” అని ఆ పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. మేము అతనితో కలిసి పలకపై లెక్క వేశాము. కఫీల్ అనుమతికి ఒక పగలు. టికెట్ దొరకడానికి ఒక రాత్రి. విమానాశ్రయంలో మూడు గంటలు. ఆకాశంలో ఐదు. శంషాబాదు నుండి బస్సులో మరొక రాత్రి. పిల్లవాడు కూడిక రెండుసార్లు సరిచూసుకున్నాడు. మూడవరోజు ఉదయం తండ్రి బస్సు దిగి, సామాను ఇంటికి పంపి, నేరుగా ఖబరస్తాన్‌కు వెళ్ళాడు.