సీమ ఎండకు గేటు వన్నె

వానలు తక్కువ కదా, ఇనుముకు తుప్పేం పడుతుందిలే... అనుకుంటే పొరపాటే. కర్నూలు, కడప వీధుల్లో గేట్లు చెప్పే కథ వేరు!

కర్నూలులో కొండారెడ్డి బురుజు దాటి పాతబస్తీ సందుల్లోకి వెళ్లినా, కడప వీధుల్లో తిరిగినా ఇంటి ముందు ఇనుమే పలకరిస్తుంది. ముందు గేటు, వసారాకు గ్రిల్, మిద్దె మెట్లకు రెయిలింగు, కిటికీలకు చువ్వలు. నీలం, ఆకుపచ్చ, వెండి రంగు... దూరం నుంచి బాగానే ఉంటాయి. దగ్గరికెళ్లి వేలితో రుద్దితే సున్నంలాంటి పొడి అంటుకుంటుంది. అది తుప్పు కాదు, ఎండ చేసిన పని.

వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలు కాగిన ఇనుము సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. అతినీలలోహిత కిరణాలకు రంగులోని జిగురు చచ్చి, ఎనామిల్ పెళుసెక్కుతుంది. సన్నటి పగుళ్లు పడతాయి. తొలకరి నీళ్లు ఆ పగుళ్లలోంచే ఇనుము దాకా దిగుతాయి. వాన తక్కువైనా తుప్పుకు ఆ దారి చాలు.

రాయినీ చీలుస్తుంది

సీమ ఇళ్లలో ఇనుముకు తోడు రాయి. నల్లటి కడప బండలు, నున్నటి బేతంచెర్ల బండలు మెట్లుగా, అరుగులుగా కనిపిస్తాయి. రెయిలింగు చువ్వలను వాటిలో దిగేసిన చోట నీరు నిలుస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ముదిరితే బండ బీటలు వారుతుంది. రంగు డబ్బాతో పోయేది బండ మార్చేదాకా వస్తుంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తాయి. కరవు నేల మీద కూడా ఇనుము ఒక్కోసారి నీళ్లలో నానాల్సి వస్తుందని ఆ వరద చూపించింది. అలా మునిగిన గేటుకు పైన రంగు వేస్తే సరిపోదు. డొల్ల గొట్టాల్లో చేరిన బురద కడిగి, లోపలి తడి పూర్తిగా ఆరాకే ప్రైమరు పట్టించాలి.

రంగు పుట్టిల్లూ ఇదే

ప్రైమరుకు ఎర్రదనం ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్. అంటే తుప్పుకు దాయాదే! అలాంటి రంగుమట్టి పాత కర్నూలు జిల్లా నేలలోనూ దొరుకుతుంది. పాత కడప జిల్లాలోని మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి వెళ్లే ఈ రాయి పొడిని రంగుల తయారీలోనూ కలుపుతారు.

తొందరపడితే...

‘‘ఏమప్పా, పైపైన ఒక కోటింగు కొట్టేస్తే సాల్దా?’’ చాలామంది ఇంటి యజమానులు అడిగేది ఇదే. చాలదు. లేచిన పెచ్చులను తీగల బ్రష్షుతో రాల్చి, ఉప్పు కాగితంతో రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. బయటపడిన ఇనుముకు ఆ రోజే ప్రైమరు వేయాలి. అది ఆరాక పల్చగా రెండు పూతలు. మందంగా పూస్తే పైన తొక్క కట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం కాలే గేటు మీద బ్రష్షు పెడితే రంగు సాగదు, గీతలు పడుతుంది. మంచు ఆరాక ఉదయం, లేదంటే నీడపట్టున సాయంత్రం మేలు. ఈశాన్య రుతుపవనాల జల్లులు వెళ్లిపోయి, ఎండ ముదరకముందు వచ్చే సంక్రాంతి రోజులు ఈ పనికి అనువు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పూతల్లో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే పాత రంగును పొడిగా రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి రుద్దాలి. కింద పట్టా పరచాలి. రాలినది తడిగుడ్డతో ఎత్తాలి. పిల్లలను, గర్భిణులను, తాగునీటి తొట్లను ఆ పక్కకు రానివ్వకూడదు.

ఈసారి గోడలకు రంగులు ఎంచుకునేముందు, ఒక్కసారి వంగి గేటు కింది అంచు చూడండి. తుప్పు మొదట కాపురం పెట్టేది అక్కడే.